మంచి మలుపుల రోడ్డును పట్టుకోవడం ఎలా: తూర్పు కనుమల్లో స్పోర్ట్ బైక్ నడిపేవారికి

ఘాట్ రోడ్డు అనగానే చాలామంది ముందు అడిగేది హెయిర్‌పిన్‌లు, అంటే దాదాపు వెనక్కి తిరిగే బిగుతు మలుపులు, ఎన్ని అని. తమిళనాడులో కొల్లి కొండల రోడ్డుకు 70 ఉన్నాయి, వాల్పారై రోడ్డుకు 40 ఉన్నాయి. నంబరు బోర్డుల దగ్గర ఫొటోలు బాగా వస్తాయి. అయితే స్పోర్ట్ బైక్‌కు హెయిర్‌పిన్ నచ్చే మలుపేమీ కాదు. ఘాట్ రోడ్ల ప్రమాణాల ప్రకారం హెయిర్‌పిన్ లోపలి అంచు వ్యాసార్థం కనీసం 14 మీటర్లు, దాన్ని డిజైన్ చేసే వేగం గంటకు 20 కిలోమీటర్లు. అక్కడ క్లిప్-ఆన్ హ్యాండిల్ (ముందుకు వంగి పట్టుకునే కురచ హ్యాండిల్) ఉన్న బండి ఎక్కి, బరువంతా మణికట్ల మీద మోస్తూ, క్లచ్ మీద వేళ్లు పెట్టుకుని తిరగడమే సరిపోతుంది. ముప్పై హెయిర్‌పిన్‌లు దాటేసరికి ఒళ్లు పులిసిపోతుంది, బండి మాత్రం ఇంకా మేలుకోనే ఉండదు.

స్పోర్ట్ బైక్‌కు కావలసింది 50 నుంచి 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో పెద్దగా తిన్నని రోడ్డు లేకుండా. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. మలుపు అవతల ఏముందో ఎంత దూరం ముందే కనిపిస్తుంది అన్నది. రోడ్డు ఎంపికలో అసలు లెక్క ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు కొంచెం లెక్క

బండిని 30 డిగ్రీలు వాల్చారనుకుందాం. మంచి టైరు, పొడి తారు ఉంటే ఇది భయపడాల్సిన వాలు కాదు. ఆ వాలుతో 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 33 కిలోమీటర్లు వస్తాయి. 50 మీటర్లయితే 60. 100 మీటర్లయితే దాదాపు 85. 200 మీటర్లయితే 120 దాటాలి, అంటే అక్కడ బండి వాలాలంటే మన రోడ్ల మీద వెళ్లకూడని వేగంలో వెళ్లాలి. కాబట్టి వెడల్పాటి హైవే వంపులు మనకు పనికిరావు, బిగుతు హెయిర్‌పిన్‌లూ పనికిరావు. మధ్యలోవే కావాలి.

ఇక ఆగడం సంగతి. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు పట్టేసరికి ఒకటిన్నర సెకను పోతుంది. గంటకు 60లో ఆ ఒకటిన్నర సెకనులోనే 25 మీటర్లు వెళ్లిపోతారు, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి మరో 20 మీటర్లు పడుతుంది. మొత్తం 45. గంటకు 80లో దాదాపు 70 మీటర్లు. కొండ దిగుతుంటే, తడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు లోపలి వైపు, మీ చక్రం వెళ్లే గీతకు 3 మీటర్ల దూరంలోనే కొండ కోత నిలువుగా ఉంటే మీకు కనిపించేది 35 మీటర్ల రోడ్డు మాత్రమే. బండి 60లో తిరగగలదు, మీరు మాత్రం 50 దాటితే కనిపించే దూరంలో ఆగలేరు. అదే మలుపులో లోపలి వైపు 8 మీటర్ల దాకా అడ్డం లేకపోతే 55 మీటర్ల పైన కనిపిస్తుంది. మలుపు అదే, టైరు అదే, చూపు ఒక్కటే మారింది. మంచి రోడ్డుకూ చెడ్డ రోడ్డుకూ తేడా అక్కడుంది.

ఒంటి వరుస రోడ్డయితే ఎదుటివాడు కూడా మీ దారిలోనే వస్తాడు గనక, కనిపించే దూరంలో సగంలోనే ఆగగలగాలి. ఒంటి వరుస ఘాట్‌లను స్పోర్ట్ రైడింగ్ జాబితాలోంచి తీసేయమనడానికి కారణం ఇదే.

మ్యాప్‌లో వెతకడం

గూగుల్ మ్యాప్స్‌లో టెరైన్ లేయర్ వేసి, మైదానం పోయి కొండలు మొదలయ్యే అంచు వెంట చూపు పోనివ్వండి. విశాఖ, అనకాపల్లి వైపు ఈ అంచు చాలా స్పష్టంగా కనిపిస్తుంది. తిన్నగా వచ్చిన రోడ్డు ఒక్కసారిగా దారపు ముడిలా మెలికలు తిరిగే చోటు ఘాట్. అక్కడితో ఆగకండి. ఘాట్ ఎక్కాక పైన పీఠభూమి మీద పాతిక, ముప్పై కిలోమీటర్లు రోడ్డు ఎలా ఉందో చూడండి. అసలు మంచి మలుపులు చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఘాట్‌లో ఎక్కడం కోసం రోడ్డును మడతలు పెడతారు. పైన మాత్రం కొండ ఒంపును బట్టి రోడ్డు సాఫీగా తిరుగుతుంది. లంబసింగి ఘాట్ పేరు అందరికీ తెలుసు గాని, పైకెక్కాక చింతపల్లి నుంచి పాడేరు, అక్కడి నుంచి అరకు వైపు పోయే రోడ్డు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఒక భాగం నచ్చితే దాని రెండు చివరల మధ్య గాలివాటు దూరం కొలవండి. మ్యాప్ మీద వేలు నొక్కిపట్టి ‘దూరం కొలువు’ ఎంచుకుంటే వస్తుంది. రోడ్డు దూరాన్ని దాంతో భాగించండి. 1.2 లోపు వస్తే మలుపులు పేరుకే. 1.4 నుంచి 2 మధ్య వస్తే మన పని అక్కడుంది. రెండున్నర దాటిందంటే హెయిర్‌పిన్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చిన రోడ్డు.

తర్వాత మ్యాప్ చెప్పే ప్రయాణ సమయం చూడండి, ట్రాఫిక్ లేని తెల్లవారుజాము వేళకు పెట్టి. సగటున గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు పడుతుంటే రోడ్డు సాఫీగా ఉన్నట్టు. 25 దగ్గర ఉంటే మరీ బిగుతు మలుపులైనా కావాలి, పాడైన రోడ్డైనా కావాలి. ఏది నిజమో సమయం చెప్పదు, శాటిలైట్ బొమ్మ చెబుతుంది.

కర్విగర్, కాలిమోటో లాంటి యాప్‌లు ఎక్కువ మలుపులున్న దారిని వాటంతటవే గీసి ఇస్తాయి. పేర్లు పోగుచేసుకోవడానికి బాగుంటాయి. కానీ వాటికి తెలిసింది గీత వంపు మాత్రమే. మన పల్లె రోడ్లలో తారు ఉందా, మట్టా, ఎంత వెడల్పు అన్న వివరాలు వాటి మ్యాప్‌లలో చాలాచోట్ల నింపి ఉండవు. వాటిని గుడ్డిగా నమ్ముకుని బయలుదేరితే 3 మీటర్ల సిమెంటు రోడ్డు మీద, ఎవరి ఇంటి గుమ్మం ముందో తేలుతారు.

వ్యాసార్థం కొలిచే పద్ధతి

దీనికి ఐదు నిమిషాలు చాలు, కానీ చేసేవాళ్లు చాలా తక్కువ. శాటిలైట్ బొమ్మలో మలుపు దగ్గరకు పోండి. మలుపు మొదలయ్యే చోటు నుంచి పూర్తయ్యే చోటుకు తిన్నగా ఒక గీత కొలవండి. ఆ గీత నడిమి నుంచి రోడ్డు మధ్య దాకా ఉబ్బు ఎంతుందో కొలవండి. గీత పొడవును దానితోనే గుణించి, ఉబ్బుకు 8 రెట్లతో భాగించండి. వచ్చినదానికి ఉబ్బులో సగం కలపండి.

ఉదాహరణకు గీత 60 మీటర్లు, ఉబ్బు 10 మీటర్లు. 60ని 60తో గుణిస్తే 3,600. దాన్ని 80తో భాగిస్తే 45. దానికి 5 కలిపితే 50. అంటే 50 మీటర్ల వ్యాసార్థం, చక్కని మలుపు.

అన్నీ కొలవనక్కర్లేదు. వరసగా పది మలుపులు తీసుకోండి. పదింటిలో ఏడు 40 నుంచి 110 మధ్య ఉంటే రోడ్డును జాబితాలో ఉంచండి. ఒకటి 80, దాని వెంటనే ఒకటి 18, మళ్లీ ఒకటి 90 ఉన్న రోడ్డు చాలా ప్రమాదం. లయ కుదిరిందనుకునే సమయంలో ఆ 18 వస్తుంది. ఒకే మలుపులో మొదట వదులుగా ఉండి చివర్లో బిగుసుకునేవి కూడా ఇక్కడే బయటపడతాయి. మలుపును రెండు ముక్కలుగా చేసి విడివిడిగా కొలవండి. రెండో ముక్క వ్యాసార్థం మొదటిదానికన్నా బాగా తక్కువైతే, పేరు రాసుకుని ఎర్ర గుర్తు పెట్టుకోండి.

కొండ ముక్కు, వాగు మడత

కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఉన్న మ్యాప్ ఒకటి తెరవండి. ఓపెన్‌టోపోమ్యాప్ సరిపోతుంది. భారత సర్వేక్షణ విభాగం 1:50,000 షీట్లలో గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. రోడ్డు ప్రతి 400 మీటర్లకు ఒక గీత దాటుతుంటే 5 శాతం ఎత్తు. 300 లోపే దాటుతుంటే 7 శాతం దగ్గర, లారీలు ఫస్ట్ గేర్‌లో పాకే ఎత్తు అది.

ఇంతకన్నా విలువైన విషయం మరొకటి ఈ గీతల్లో ఉంది. కొండ వెంట పోయే రోడ్డుకు రెండు రకాల మలుపులుంటాయి. కొండ ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన చోట రోడ్డు దాన్ని చుట్టి తిరుగుతుంది. అప్పుడు కొండ మలుపుకు లోపలి వైపు ఉంటుంది గనక అవతల ఏమీ కనబడదు. వాగు దిగే మడతలో రోడ్డు లోపలికి పోయి తిరిగి బయటికి వస్తుంది. అప్పుడు కొండ మలుపుకు బయటి వైపు ఉంటుంది, లోపలి వైపు లోయ, ఖాళీ. చెట్లు అడ్డం లేకపోతే మలుపు అవతలి కొస దాకా, ఎదురొచ్చే బస్సుతో సహా, కనిపిస్తుంది. కాంటూర్ గీతలు ఎత్తు వైపు కోసుగా వంగిన చోట్లు వాగు మడతలు. పల్లం వైపు ఉబ్బినవి కొండ ముక్కులు. వాగు మడతలు ఎక్కువగా ఉన్న రోడ్డు చూపు ఎక్కువగా ఉన్న రోడ్డు.

ఎడమ చేతి వైపు నడిపే మన దేశంలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. కొండ మీ ఎడమ వైపు ఉంటే గుడ్డి మలుపులన్నీ ఎడమ మలుపులే, పైగా మీరు కొండకు అంటుకుని ఉంటారు, చూపు మరీ తగ్గిపోతుంది. కొండ కుడి వైపు ఉంటే గుడ్డి మలుపులు కుడి మలుపులవుతాయి. మీరు బయటి వరుసలో ఉంటారు గనక కాస్త ఎక్కువ కనిపిస్తుంది, కానీ లోయ అంచు మీ పక్కన ఉంటుంది. మలుపు కోసేసి వచ్చే కారు మీ మీదికే వస్తుంది. అందుకే ఒకే రోడ్డు పోయేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటుంది. రెండు వైపులా విడివిడిగా మార్కులేసుకోవాలి.

వాగు మడతల్లో ఒక చిక్కుంది. అక్కడ కల్వర్టు ఉంటుంది, రోడ్డు ఇరుకవుతుంది. వానలు వెనకబట్టి నెల దాటినా కొండ నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. నల్లగా మెరిసే ఆ చారను, దాని పక్కనే పట్టిన సన్నటి పాచిని బైక్ వాలి ఉన్నప్పుడు తాకకూడదు.

వెడల్పు, తారు

శాటిలైట్ బొమ్మలో తారు వెడల్పు కూడా కొలవచ్చు. 3.75 మీటర్లు ఒంటి వరుస, 5.5 మధ్యరకం, 7 మీటర్లు రెండు వరుసలు. 5.5 కన్నా తక్కువైతే వదిలేయండి. రెండు వరుసలకు మధ్య తెల్ల గీత కనిపిస్తే ఇంకా మంచిది.

గూగుల్ ఎర్త్‌లో బొమ్మ తీసిన తేదీ ఉంటుంది, పాత బొమ్మలూ తిప్పి చూడొచ్చు. తేదీ చూడకుండా రోడ్డు బాగుందనుకోవద్దు. ఒక వానాకాలం చాలు రోడ్డు రూపు మారడానికి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో 516ఇ జాతీయ రహదారి విస్తరణ పనుల్లాంటివి మొదలైతే ఇవాళ ఉన్న తారు రేపు కంకర.

చివరికి ఎవరో ఒకరికి ఫోన్ చేసి అడగాల్సిందే. ఆ దారిలో టిఫిన్ హోటలు, పంక్చర్ షాపు, టూరిజం కాటేజీ, ఎవరైనా సరే. “రోడ్డు బాగుందా” అని అడగొద్దు. జీపు నడిపేవాళ్లకు గుంతలు లేకపోతే బాగున్నట్టే. “ఎక్కడైనా పని జరుగుతోందా? ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా? కంకర పోశారా, తారు వేశారా? కొత్త తారైతే ఎన్నాళ్లైంది?” అని అడగండి. కొత్తగా పైపూత వేసిన రోడ్డు మీద వదులు కంకర చిప్స్ చాలా రోజులు ఉంటాయి. లారీలు తిరిగితిరిగి వాటిని మలుపు అంచులకు నెడతాయి.

మొదటిసారి పోవడం

కాగితం మీద పాసైన రోడ్డును ముందు నెమ్మదిగా చూసి రావాలి, ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి. మీకు అలవాటైన వేగంలో సగం చాలు. ఫోన్‌లో వాయిస్ రికార్డు పెట్టుకుని, హెల్మెట్‌లోనే కిలోమీటరు రాళ్ల లెక్కన చెప్పుకుంటూ పోవడం తేలికైన పద్ధతి. గమనించాల్సినవి:

చూపు. మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనిపించే చోటును చూడండి. మీరు ముందుకు పోతుంటే అది కూడా ముందుకు జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోంది. ఉన్నచోటే ఉంటే ఒకే వంపు. మీ వైపుకు వచ్చేస్తుంటే మలుపు బిగుసుకుంటోంది, ఆ కిలోమీటరు రాయి రాసుకోండి.

మలుపు లోపలి అంచు. ఎడమ మలుపుల్లో దీన్ని మరీ శ్రద్ధగా చూడాలి. బస్సు ఎడమ హెయిర్‌పిన్ తిరిగినప్పుడు ముందు చక్రం తారు మీదే ఉంటుంది, వెనక చక్రం లోపలికి కోసుకుని పక్క మట్టిలోకి దిగుతుంది. పైకి ఎక్కేటప్పుడు ఆ మట్టిని, గులకరాళ్లను రోడ్డు మీదికి లాక్కొస్తుంది. అవి విసనకర్రలా పరుచుకుంటాయి, అదీ సరిగ్గా బైక్ వాలి ఉండే చోట. బస్సులు తిరిగే ప్రతి ఘాట్‌లోనూ ఇది ఉంటుంది. తారు అంచు ఎంత కోసుకుపోయిందో చూస్తే ఎంత పెద్ద బండ్లు తిరుగుతున్నాయో తెలిసిపోతుంది.

డీజిల్ చారలు. ఫుల్ ట్యాంకుతో ఎక్కే లారీ మలుపులో ఒరిగితే మూత దగ్గర నుంచి చిందుతుంది. పెట్రోలు బంకు దాటిన తర్వాత వచ్చే మొదటి ఐదారు మలుపుల్లో ఎక్కువగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు నల్లటి మరక, తడిలో ఇంద్రధనుస్సు రంగులు. కళ్లకన్నా ముందు ముక్కే పసిగడుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు తారు ఉబికి అద్దంలా మెరిసే చోట్లు, కాంక్రీటు వేసిన హెయిర్‌పిన్‌లు తారులో కలిసే అతుకులు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, బడి, చర్చి, గుడి, సంత జరిగే చోటు అన్నీ రాసుకోండి. సంత ఏ వారమో అడిగి తెలుసుకోండి. ఆ రోజు జీపులు, ఆటోలు పైన కూడా మనుషులను ఎక్కించుకుని నడుస్తాయి. ఆ రోజు మీరు అక్కడ ఉండకూడదు.

సిగ్నల్ ఎక్కడ పోతుంది, మళ్లీ ఎక్కడ వస్తుంది అన్నది తప్పకుండా రాసుకోండి. పడిపోయినవాడికి 108 పిలవాలంటే ఏ వైపుకు పరుగెత్తాలో అప్పుడు వెతుక్కోకూడదు.

ఏ రోడ్డు దేనికి

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు. పేరున్న ఘాట్, మలుపుల్లో వైవిధ్యం ఉంది. శని, ఆదివారాల్లో, ముఖ్యంగా నవంబరు నుంచి జనవరి దాకా, బొర్రా గుహలకు పోయే కార్లతో నిండిపోతుంది. వ్యూపాయింట్ల దగ్గర కార్లు ముందూ వెనకా చూడకుండా ఆగుతాయి. వారం మధ్యలో, ఉదయం ఎనిమిది లోపు అయితేనే వెళ్లండి. గట్టి వానల తర్వాత కొండచరియలు జారే ఘాట్ ఇది, వెళ్లే ముందు కనుక్కోండి.

నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు చూడ్డానికి జనం బారులు తీరతారు. తారు మంచుకు తడిసి ఉంటుంది, పొద్దెక్కేదాకా ఆరదు. కాఫీ పళ్లు కోసే కాలం కూడా అదే, పికప్‌లు తిరుగుతాయి. స్పోర్ట్ రైడింగ్‌కు ఫిబ్రవరి మేలు.

రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు. దట్టమైన అడవి. నీడ ఎక్కువ కాబట్టి తడి తొందరగా ఆరదు, ఎండలోంచి నీడలోకి దూరిన క్షణంలో కళ్లకు ఏమీ కనపడదు. హెల్మెట్‌కు నల్ల వైజర్ (ముఖం ముందు అద్దం) వద్దు. భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ వైపు పోయే లారీలు ఈ ఘాట్‌లోనే ఎదురవుతాయి. చాలా దూరం సిగ్నల్ ఉండదు. రంపచోడవరంలోనే ట్యాంకు నింపుకోండి. అందానికి ఈ రోడ్డుకు సాటి లేదు, కానీ చూపు తక్కువ. నెమ్మదిగా పోవడానికి పెట్టుకోండి.

శ్రీశైలం. హైదరాబాదు వైపు నుంచి వస్తే మన్ననూరు చెక్‌పోస్టు తర్వాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దోర్నాల వైపు నుంచి అయితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. దోమలపెంట దాటి డ్యామ్ దగ్గరకు దిగే మలుపులు బాగుంటాయి గాని ఇది జంతువులు దాటే అడవి, వేగం బోర్డులకు అర్థం ఉంది. గేటు తెరవగానే అందరికన్నా ముందు దూసుకుపోవాలనే ఆలోచన అసలు వద్దు. జింకలు, అడవి పందులు రోడ్డు మీద ఉండేది ఆ గంటలోనే. శివరాత్రికి, ఉగాదికి ముందు రోజుల్లో కాలినడకన వచ్చే భక్తులు రోడ్డు పక్కనే నడుస్తారు, పక్కనే పడుకుంటారు. ఆ రోజుల్లో బైక్ తీయొద్దు.

మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ. పదికిలోమీటర్లే, పైన రోడ్డు అయిపోతుంది. చిన్న రోడ్డయినా ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి అవే మలుపులు సాధన చేయడానికి కొత్తవాళ్లకు మంచి చోటు, వారం మధ్యలో మాత్రమే. వికారాబాద్ దగ్గర ఉన్న అనంతగిరి కూడా ఇలాంటిదే, ఇంకా చిన్నది. హైదరాబాదుకు మరీ దగ్గర కాబట్టి ఆదివారం జనమే జనం. పేరు ఒకటే గాని అరకు దారిలోని అనంతగిరి వేరు, మ్యాప్‌లో వెతికేటప్పుడు జిల్లా చూసుకోండి.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారి కూడా జాబితాలో పెట్టుకోవచ్చు. రెండో దానిలో లారీల రద్దీ చూసుకుని వెళ్లాలి.

జాబితాలోంచి కొట్టేయాల్సినవి కూడా చెప్పాలి. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్. తిరుపతి, పీలేరు దారిలో భాకరాపేట ఘాట్. మ్యాప్‌లో మలుపులు ఆకర్షిస్తాయి. కానీ బరువు బండ్లు బ్రేకులు వేడెక్కి దిగే దారులివి. మీ తప్పు ఏమీ లేకపోయినా ఎదురుగా అదుపు తప్పిన లారీ వస్తే తప్పుకోవడానికి చోటు లేదు. తిరుమల ఘాట్‌లు కూడా ఇందుకు కావు. అవి భక్తుల రోడ్లు, గేటుకు గేటుకు మధ్య ఎంతసేపట్లో వచ్చారో లెక్క చూస్తారు.

ఎప్పుడు పోవాలి

వానలు తగ్గి, గుంతలు పూడ్చి, తారు ఆరిన కాలం కావాలి. విశాఖ ఏజెన్సీకి నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా. చిత్తూరు, కడప వైపు ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా కురుస్తాయి గనక జనవరి నుంచి.

కోతల కాలంలో ఘాట్ చేరేముందు దారిలో వచ్చే పల్లెల దగ్గర జాగ్రత్త. వడ్లు, మొక్కజొన్నలు సగం రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ పెద్ద రాళ్లు పేరుస్తారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోతారు, రాళ్లు మిగిలిపోతాయి. చీకట్లో ఆ రాయి కనపడదు. రోడ్డు మీద మిగిలిన గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. పొద్దుగుంకే వేళ గేదెలు, మేకలు ఇంటికి మళ్లుతాయి. అప్పటికే మీరు కొండ దిగి టీ తాగుతూ ఉండాలి.

ఉదయం కూడా మరీ తొందర వద్దు. టైర్లు చల్లగా, రోడ్డు చల్లగా ఉంటాయి. మొదటి పది కిలోమీటర్లు వేడెక్కడానికే వదిలేయండి. ఏడు నుంచి పదిన్నర దాకా ఉన్న సమయం బంగారం.

బండిలో చూడాల్సినవి

టైరు గాలి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద స్టిక్కర్ చెప్పినంతే, అదీ బయలుదేరే ముందు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టాలి. బంకు దాకా పది కిలోమీటర్లు నడిపి చూస్తే వేడికి గాలి ఒత్తిడి రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి తగ్గిస్తే తర్వాత తక్కువైపోతుంది. టైరు గాడి లోతు 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే ఘాట్‌కు వద్దు. హైవే మీద ఎక్కువ తిరిగిన టైరు నడిమి చదునైపోతుంది. అలాంటి టైరుతో వాల్చినప్పుడు బండి ఒక గట్టు దాటి పడినట్టు ఒక్కసారిగా ఒరుగుతుంది. మలుపుల్లో భయం వేస్తోందనేవాళ్లలో చాలామంది లోపం చేతిలో లేదు, టైరులో ఉంది.

బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీలకే మరగవచ్చు. పొడవైన దిగుడులో లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేయడం అందుకే. దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగండి. బ్రేకు పట్టుకునే దిగకండి, గట్టిగా పట్టి వదలండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం దిగేవారి బాధ్యత, అది నిబంధన కూడా.

ఇంత చూసి ఎంచుకున్న రోడ్డు మీద కూడా స్నేహితుల మధ్య పందెం పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం. గడియారంతో పోటీ పడాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. అక్కడ ట్రాక్ డే శిక్షణ తీసుకుని వస్తే ఘాట్‌లో మీ చూపు, మీ బ్రేకు రెండూ మారతాయి. ఎదురు బస్సు లేని చోటే బండి హద్దు తెలుసుకోవాలి.

రోడ్డుకు ఒక పేజీ చొప్పున నోట్‌బుక్ పెట్టుకోండి. పైన రోడ్డు పేరు, వెళ్లిన తేదీ, దిశ. కింద కిలోమీటరు రాళ్ల వారీగా: బిగుసుకునే మలుపులు, ఊట నీరు, కంకర, స్పీడ్ బ్రేకర్లు, సిగ్నల్ పోయే చోటు. ప్రతి వానాకాలం తర్వాత మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పేజీని కొట్టేసి, సగం వేగంలో మళ్లీ కొత్తగా రాయండి.